ఆరగింపులోని తీపి ఎవరిది?

ధనుర్మాసములో ఇరువదియేడవ దినము వచ్చినదనగా వైష్ణవుల యిండ్లలో వంటయిల్లు తెల్లవారకమునుపే మేల్కొనును. ఆనాడు తిరుప్పావైలోని ఇరువదియేడవ పాశురమునకు ప్రాధాన్యము, అక్కారవడిసలు ఆరగింపు. ఇంగ్లీషు తేదీలలో అది జనవరి 11 ప్రాంతమున పడును. అక్కారమనగా తీపి, అడిసిలనగా వండిన అన్నము. ఈ రెండు తమిళపదములు కలిసి ఆ పేరైనది. మా మనోహరాబాదులో ఇరుగుపొరుగువారు దానిని బెల్లము పొంగలి యందురు. మా యింటిలో దాని పేరు కూడారై ప్రసాదము.

మా తల్లిగారి దిట్టము ఇది: సోలెడు బియ్యము, పిడికెడు పెసరపప్పు, ఆరు సోలల పాలు, రెండు సోలల బెల్లపు పొడి. నేతికి లెక్క లేదు. నేయి మోచేతివరకు కారవలెనని గోదాదేవి కోరినది గనుక, మా తల్లిగారు ఆ యొక్కనాడు నేతిగిన్నెను పిల్లలకు అప్పగించి తాము మరియొక వైపు చూచెడివారు. ఆమె పరమపదించిన తరువాత నా సహధర్మచారిణి ముప్పది సంవత్సరములు ఆ దిట్టమును పొల్లుపోనీయక నడిపినది.

అట్టి దిట్టమును ఇంటి యజమానుని రోగము కారణముగా మార్చవచ్చునా? వైద్యునికి ఇది ప్రశ్నయే కాదు. చక్కెర తగ్గించుమని కాగితముమీద వ్రాసి యిచ్చును. కాని తిరువారాధనము గల యింటిలో వంట మొదట పెరుమాళ్ళకు, పిదప మనకు. తనకొరకే వండుకొనువాడు పాపమునే భుజించుచున్నాడని గీత మూడవ అధ్యాయమున భగవానుడు నిష్కర్షగా చెప్పియున్నాడు. నా నాలుకకొరకు కాక, నా రోగముకొరకు వండినను అది నాకొరకు వండినట్లే కదా? నేను ఈ ప్రశ్నను పుస్తకములలో వెదకి తెచ్చుకొనలేదు. అది మా యింటి పొయ్యిమీదికే వచ్చినది.

నాకు మధుమేహమున్న సంగతి చాలకాలముగా తెలిసినదే. మాత్రలు మ్రింగుచుంటిని, మాటలలో నియమముండెను, చేతలలో లేదు. 2022వ సంవత్సరపు కూడారై నాడు గోష్ఠి అయిన పిమ్మట మూడుమార్లు వడ్డింపించుకొంటిని. ఇంటిలోనివారు వెనుకాడగా, ‘ప్రసాదమునకు దోషము లేదు’ అని శాస్త్రము చదివినవాని గొంతుతో పలికితిని. ఆ గొంతునకు ఎదురు చెప్పువారు మా యింట లేరు. మరి కొన్ని వారములకు పాదరక్షలు లేక ప్రదక్షిణము చేయునప్పుడు కాలికి చిన్న రాయి గ్రుచ్చుకొన్నది. నొప్పి తెలియలేదు. పుండు కనబడునప్పటికి ఆలస్యమైనది. ఎడమకాలి చిటికెనవ్రేలు తీసివేయవలసి వచ్చెను.

ఒక్కనాటి ప్రసాదముచేత వ్రేలు పోవునా? పోదు. ఏండ్ల తరబడి రక్తమున నిలిచిన చక్కెర నరముల స్పర్శను హరించును, రక్తనాళములను చెరచును; గాయము తెలియదు, తెలిసినను త్వరగా మానదు. వైద్యులు ఎన్నిమార్లు చెప్పినను ఈ మాట నా సహధర్మచారిణి మనస్సున నాటలేదు. ‘నా చేత్తో నేనే పెట్టాను’ అని ఆమె పదేపదే అనుచుండెడిది. నా వ్రేలు పోయినందుకంటె ఆ మాట నన్ను ఎక్కువ బాధించినది. పెట్టినది ఆమె, పెట్టుమన్నది నేను, నెపము వేసినది స్వామిమీద.

మరుసటి సంవత్సరము, అనగా 2023లో, కూడారై నాడు పొయ్యిమీద రెండు గిన్నెలు కనబడినవి. పెద్దగిన్నెలో మా తల్లిగారి దిట్టము. చిన్నగిన్నెలో బెల్లము పేరునకు మాత్రమున్న నా పాలు. పెద్దగిన్నెను మాత్రము ఆరగింపునకు తెచ్చినది. రెండవదేదని అడిగితిని. ‘అది పెరుమాళ్ళకు కాదండీ, మీకు. తీపి లేనిది స్వామికెట్లా పెడతాను?’ అన్నది. ఆమె భక్తిలో లోపము లేదు. కాని ఆనాడు నేను గోష్ఠిలో కూర్చుండి, అందరును ప్రసాదము స్వీకరించుచుండగా, స్వామికి చూపని అన్నమును తింటిని. నాకు జ్ఞానము వచ్చిన తరువాత అర్పింపని అన్నమును ఎరిగి నోటబెట్టుట అదియే మొదలు. రెండు ముద్దలు దిగలేదు. మాట్లాడక లేచితిని. ఆమె దానిని రుచిలేమి యనుకొన్నది.

కూడారై యన్న మాటకు ‘కూడనివారు’ అని అర్థము. తనతో కూడనివారిని గూడ జయించు గోవిందుని ఆ పాశురము కీర్తించుచున్నది. అందలి పాలన్నము ఆకలి తీర్చుకొనుటకు కాదు. వ్రతము ముగించిన గొల్లపడుచులు స్వామితోను, తమలో తాము కూడియుండుటయే దాని రుచి యని పూర్వాచార్యుల వ్యాఖ్యానముల తాత్పర్యము. మన తెలుగులో కూడుట యనగా కలియుట, కూడు అనగా అన్నము. ఆ రెండు మాటలను విడదీయరాని దినమున మా యింట రెండు గిన్నెలు పొయ్యిమీదికెక్కినవి. రోగి ప్రత్యేకముగా తినుటలో తప్పులేదు. కాని స్వామితో పంక్తి తప్పి తినవలెనా యను శంక నన్ను వదలలేదు.

ఒకే గిన్నె ఉండవలెను, అది తీపి తగ్గినదై యుండవలెను, దానినే ఆరగింపు చేయవలెనని నిశ్చయించుకొని, వేదపాఠశాలలో నాతో చదివి అర్చకత్వములో తల నెరసిన మిత్రునికి చెప్పితిని. ఆయన నవ్వి, ‘జబ్బు నీకు వచ్చిందా, స్వామికి వచ్చిందా? స్వామికి మధుమేహమా?’ అనెను. ఆ ప్రశ్న తేలికయైనది కాదు. నా రోగమును దేవునికి అంటగట్టుచున్నానన్నమాట.

అప్పుడు నాకు స్ఫురించినది శ్రీమద్రామాయణము. చిత్రకూటమున భరతునివలన తండ్రి మరణము విని శ్రీరాముడు మందాకినీతీరమున పిండప్రదానము చేసెను. ఆ పిండము రేగుపండ్లు కలిపిన గారపిండి. అయోధ్యాపతియైన దశరథునికి, చక్రవర్తి భోజనములు చేసినవానికి, దర్భలమీద గారపిండి! దానిని చూచి కౌసల్య దుఃఖించిన ఘట్టము చదువునప్పుడు మాకు పాఠము చెప్పిన గురువుగారి కంఠము ప్రతిమారును వణకెడిది. మనుష్యుడు ఏది తినునో వాని దేవతలకును అదియే అన్నమను లోకోక్తి అక్కడనే వచ్చినది. ఇంటివాడు తినునదే ఇంటి దేవునిది. తాను గంజి త్రాగుచు దేవునికి పరమాన్నము పెట్టు భక్తుడు గొప్పవాడే. తాను తినలేనిదానిని దేవునికి చూపి, తాను వేరు గిన్నె తెరచుకొనుట మాత్రము నాకు గారపిండి న్యాయమునకు దూరముగా తోచినది.

మిత్రుడు ఊరకుండలేదు. ‘రాముడికి అడవిలో వేరే ఏమీ లేదు. నీ ఇంట్లో బెల్లముంది. ఉన్నదాన్ని తగ్గించి పెడితే విత్తశాఠ్యం కాదా?’ అని అడిగెను. ఇది సరియైన ఆక్షేపణ. కలిగియుండి దైవకార్యమున పిసినితనము చూపరాదని ధర్మశాస్త్రములు మాటిమాటికి హెచ్చరించుచున్నవి. దీనికి వాదముతో సమాధానము లేదు, త్రాసుతోనే కలదు. మా దిట్టము రెండు సోలల బెల్లము. ఇప్పుడు గిన్నెలో పడునది అరసోల. మిగిలిన సోలన్నరయు, దానికి తగిన నేయియు కూడారైకి ముందునాడే ఆ మిత్రుని ఆలయమునకు పంపుచున్నాము. అక్కడి పొంగలి దిట్టము యథాతథముగా నడచును. పొలము పనికి పోవువారు, బడిపిల్లలు ఆకులలో పెట్టించుకొని తిందురు. బెల్లము తగ్గలేదు, నా నోటినుండి తప్పుకొన్నది. ఈ ఏర్పాటు విన్న తరువాత మిత్రుడు ఒప్పుకొన్నట్లు చెప్పలేదు గాని, బెల్లము మాత్రము పుచ్చుకొనుచున్నాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టము చేయవలెను. నేను చెప్పునది గృహారాధనమును గూర్చియే. దేవాలయముల దిట్టమును మన ఆరోగ్యములకు అనుగుణముగా మార్చుమని అడుగు అధికారము మనకు లేదు. అది ఆగమమునకు, సంప్రదాయమునకు, కోట్లాది భక్తులకు చెందినది. తిరుమలలో ఏ ప్రసాదమునకు ఏ సరకు ఎంతయో దిట్టమను పేరనే నిర్ణయమై యున్నది. అక్కడి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయినను ఆ స్వామికే కులశేఖరపడి దాటి లోనికి పోవునది క్రొత్త మట్టికుండ ఓటిలోని పెరుగన్నమని ప్రతీతి. లడ్డూల స్వామికి తీపి ప్రీతి యని మనమనుకొందుము. ఆయనకు కుమ్మరి ఓడు కూడ పళ్ళెమే.

ఆలయములో ప్రసాదము లభించినప్పుడు రోగి ఏమి చేయవలెను? నిరాకరించుట అపచారమని భయపడువారు పెక్కుమంది. నిరాకరింప నక్కరలేదు. కన్నులకద్దుకొని మెతుకంత నోట వేసికొని, తక్కినది ప్రక్కవారి పిల్లవాని చేతిలో పెట్టవచ్చును. ద్రౌపది అక్షయపాత్ర అంచున అంటియున్న ఆకుకూర తునకను శ్రీకృష్ణుడు నోట వేసికొనగా దుర్వాసుడు శిష్యసమేతముగా తృప్తుడైన కథ మనకు తెలిసినదే. ఆకుతునకతో లోకము తృప్తి పొందినప్పుడు, మెతుకుతో భక్తుడు పొందలేడా? ప్రసాదమునకు దోషము లేదన్న మాట నిజమే. దోషము రెండవ వడ్డనలో ఉన్నది. దానిని కోరినది భక్తి కాదని నా యనుభవమున చెప్పగలను.

గీత పదునేడవ అధ్యాయమున సాత్త్వికాహారమునకు చెప్పిన ఫలములలో ఆరోగ్యము కలదు. రాజసాహారమునకు చెప్పిన గుర్తులలో దుఃఖము, శోకము, రోగము కలవు. రాజసమని లెక్కించిన రుచులలో కారము, పులుపు, ఉప్పు ఉన్నవి గాని తీపి లేదని నావంటివారు సంతోషింతురు. ఆ సంతోషము తొందరపాటు. పేరు లేకున్నను గుర్తు ఉన్నది. ఏ పదార్థము ఎవనికి రోగమును తెచ్చునో వానికది రాజసమే. చరకుడు ప్రమేహమునకు చెప్పిన కారణములను చూడుడు: సుఖముగా కూర్చుండుట, సుఖముగా నిద్రించుట, పెరుగు, పాలు, క్రొత్తధాన్యము, బెల్లముతో చేసిన పదార్థములు. పాఠము చెప్పుచు నలువదియేండ్లు చాపమీద కూర్చున్న నాకు ఆ పట్టికలో మొదటి మాటయే తగిలినది. ప్రమేహరోగికి ఆయన యవలను ప్రధానాహారముగా విధించెను. యవలు హోమద్రవ్యము కూడ. రోగికి పథ్యమైనది దేవునికి తగదని మన పూర్వులు అనుకొనలేదు.

‘చక్కెర మానినాను, బెల్లమే తినుచున్నాను’ అని ధైర్యముగా చెప్పువారు మన ప్రాంతమున కోకొల్లలు. బెల్లములో కొంచెము ఇనుము, కొన్ని ఖనిజములు ఉన్నమాట నిజమే. కాని అందులో అత్యధికభాగము చక్కెరయే, రక్తమున అది చేయు పని చక్కెర చేయు పనియే. కృత్రిమపు తీపిబిళ్ళల సంగతి వేరు. మధుమేహరోగులు వైద్యుని సలహాతో మితముగా వాడుటకు అడ్డులేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో వానిని బరువు తగ్గుటకు ఆశ్రయింపవద్దని చెప్పినది గాని, ఆ మాటను అదివరకే మధుమేహమున్నవారికి వర్తింపజేయలేదు. నేను ఆరగింపులో వానిని వాడను. అవి అపవిత్రములని కాదు. నాలుక అడిగినది అడిగినట్లే ఇచ్చి శరీరమును ఏమార్చు విద్య స్వామిసన్నిధిని చేయుటకు నాకు మనసొప్పదు. ఇది నా యిష్టము, ఇతరులను తప్పుపట్టను.

అసలు లెక్క మరియొకచోట నున్నది. మా పిల్లవాడు ఒకనాడు కాగితముమీద వేసి చూపెను. దినమునకు మూడు గ్లాసుల టీ, గ్లాసునకు రెండు చెంచాల చక్కెర, చెంచాకు అయిదు గ్రాములు. దినమునకు ముప్పది గ్రాములు. సంవత్సరమునకు దాదాపు పదునొకండు కిలోలు! కూడారై ప్రసాదము ఒక వడ్డనలో నాకు వచ్చినది ఏబది గ్రాముల బెల్లమునకు మించదు. పదునొకండు కిలోలను టీకొట్టులో పోసి, ఏబది గ్రాములకు గోదాదేవిని సాక్ష్యము పిలిచితిని. తిరుప్పావై రెండవ పాశురమున గొల్లపడుచులు వ్రతకాలమున నేయి ముట్టము, పాలు ముట్టము అని నియమము పట్టిరి. అట్టి నియమము గడచిన పిమ్మట ఇరువదియేడవ నాడు నేయి మోచేతికి కారినది. మనము మొదటి నియమము వదలి ఆ నేతిని మాత్రము పట్టుకొంటిమి. మా చిన్ననాట చక్కెర రేషనుకార్డుమీద వచ్చెడిది. ఇంట తీపి వండు దినములు ఏడాదికి పదో పన్నెండో. ఆనాడు ఊరిలో నియమము పేదరికము రూపమున నడచినది. మెదక్ దగ్గరి మంబోజిపల్లి చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది గాని, మన నోళ్ళకు చక్కెర కొరత ఏ మాత్రము రాలేదు. భారతదేశమున 2021 నాటికి పది కోట్లకు పైగా మధుమేహరోగులు ఉన్నట్లు భారత వైద్య పరిశోధనా మండలి వారి అధ్యయనము 2023లో ప్రకటించినది. నేను టీలో చక్కెర మానివేసితిని. మొదటి పక్షము కష్టమైనది. పిదప పాలలోనే తీపి కలదని నాలుక గుర్తించినది.

ఆ గుర్తింపుతోనే మా క్రొత్త దిట్టము పుట్టినది. సోలెడు బియ్యమునకు బదులు అరసోల సామలు, అరసోల పెసరపప్పు. శ్యామాకమనగా సామలని కొందరు, ఊదలని కొందరు పండితులు. ఆ వాదము ఇక్కడ వలదు, రెండును ఈ గిన్నెకు పనికివచ్చును. ఒకప్పుడు మా జిల్లాలోనే యున్న జహీరాబాదు వైపు పొలములలో కొర్రలు, సామలు నేటికిని పండించువారు కలరు. పప్పును దోరగా వేయించి, సామలను నానబెట్టి, పాలలో సన్నని సెగమీద గంటకు పైగా కలియబెట్టవలెను. పాలు మరుగుచు చిక్కబడిన కొలది వాని సహజమైన తీపి తేలును. అరసోల బెల్లమును వేరుగా కరగించి వడగట్టి, గిన్నె దింపి వేడి తగ్గిన పిమ్మట కలుపవలెను. పొయ్యిమీదనే కలిపిన పాలు విరుగును. నాలుగు చెంచాల నేయి, ఏలకులు, కుంకుమపువ్వు, ఆవగింజంత పచ్చకర్పూరము. వాసన నిండుగా నున్నచో నాలుక తక్కువ తీపిని క్షమించునని మా యింటివారి పరిశోధన.

ఇది పథ్యము గాని మందు కాదు. సామలును ధాన్యమే, పాలలోను చక్కెర కలదు. నా భాగము చిన్నగిన్నెలో సగము మాత్రమే. మరియొక హెచ్చరిక. ధనుర్మాసమున తెల్లవారుజామున మాత్ర మ్రింగియో, ఇన్సులిన్ పొడిపించుకొనియో, ఏమియు తినక సేవాకాలమువరకు నిలుచు పెద్దలున్నారు. చెమటలు పట్టి, చేతులు వణకి, కన్నులు తిరిగినచో అప్పుడు చక్కెరయే ఔషధము; మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి వెంటనే ఇయ్యవలెను. ఆరగింపు కాలేదని ఆగరాదు. కెనడాదేశపు టొరంటో నగరములో పదునాలుగేండ్ల బాలునికి మొట్టమొదటి ఇన్సులిన్ సూది వేసినది 1922 జనవరి 11న. అప్పటివరకు అట్టి పిల్లలకు ఆకలితో కృశింపజేయుట తప్ప చికిత్స లేదు. ఆ తేదీ చదివినప్పుడు మా ఇంట కూడారై జరుగు దినము అదియే కదా యని చేతులు జోడించితిని.

2024 నుండి మా యింట ఒకే గిన్నె. మొదటి సంవత్సరము ఆరగింపు చేయునప్పుడు నా సహధర్మచారిణి తెర వెనుక నిలిచి, ‘తక్కువైంది స్వామీ, క్షమించు’ అని మెల్లగా అనుట విన్నాను. నేను చెప్పిన వాదములన్నియు ఆమెకు తెలిసినవే; అయినను అన్నది. వలదని చెప్పలేదు. ఇప్పటికిని ప్రతి సంవత్సరము అనుచునే యున్నది.

మా అక్కగారు డెబ్బదియేండ్లు దాటినవారు. ఆమె కూడారైకి వచ్చి, ఒక ముద్ద నోట బెట్టుకొని, కొంతసేపు ఊరకుండి, ‘బాగుంది. అమ్మ చేసినట్టు లేదు’ అనిరి. ఆ మాటకు శాస్త్రమున సమాధానము వెదకితిని. దొరకలేదు. ఆ రుచి మా యింటినుండి పోయినది. ఆ బెల్లము నేడు ఆలయములో ఎవరి పిల్లల నోటనో ఉన్నది, మా తల్లిగారి చేయి మాత్రము అక్కడ లేదు. అక్కగారు తమ భాగమును పూర్తిగా తినిరి. ఆకు మడుచునప్పుడు కన్నులు తుడుచుకొనిరో, నేతి చేతితో ముఖము తుడుచుకొనిరో నేను చూడలేదు.

ఈ సంవత్సరపు కూడారై నాడు గోష్ఠిలో మనుమలు, ఇరుగుపొరుగు పిల్లలు కూడ కూర్చుండిరి. మనుమడు తీపి చాలదనగా వాని నానమ్మ ఆరగింపైన పళ్ళెములోని చిన్న బెల్లపుముక్కను వాని గిన్నెలో వేసినది. దాని తగవు అంతటితో తీరినది. నా భాగము ముగిసినది. క్రొత్త దిట్టము కదా, తీపి తగ్గినదే కదా యని గరిటెవైపు చేయి చాచితిని. ఆమె నా మణికట్టు పట్టుకొన్నది. భాగవతమున కుచేలుని అటుకులను రెండవ గుప్పెడు తీయబోవుచున్న స్వామి చేతిని రుక్మిణీదేవి పట్టుకొన్న కథను నేను పిల్లలకు ఎన్ని మార్లు చెప్పితినో లెక్కలేదు. ఆ కథ వినిన మనుమడు నా చేతివైపు, వాని నానమ్మ చేతివైపు చూచి పకపక నవ్వెను. నేను గరిటె వదలి చేయి కడుగుకొనుటకు లేచితిని.